పక్క రంగును చూడండి

బొమ్మలు వేయడం మొదలుపెట్టినవాళ్లకు నేను ముందుగా చెప్పే మాట ఒకటుంది: రంగు ఒంటరిగా ఉండదు. దాని అందంలో సగం పక్కన చేరిన రంగుదే.

దీన్ని శాస్త్రంగా నిలబెట్టినవాడు చిత్రకారుడు కాదు, రసాయన శాస్త్రవేత్త. ఫ్రాన్స్‌కు చెందిన షెవ్రల్ 1824లో పారిస్‌లోని గోబెలిన్స్ నేతశాలలో అద్దకాల విభాగానికి అధిపతి అయ్యాడు. అక్కడ నేసే చిత్రాల్లో నీలం, ఊదా వస్త్రాల మడతలకు నీడలు తీర్చే నల్ల ఉన్ని వెలిసినట్టు కనిపిస్తోందని ఫిర్యాదులొచ్చాయి. షెవ్రల్ వేరేచోట్ల అద్దిన నల్ల ఉన్నిని తెప్పించి పోల్చి చూశాడు. అద్దకంలో లోపం లేదు. నీలాన్ని చూస్తున్న కన్ను, దాని ఎదురు రంగైన నారింజ ఛాయను పక్కనున్న నలుపు మీద తానే పూస్తోంది. అందుకే నలుపు మాసినట్టు కనిపిస్తోంది. ఈ పరిశీలనలన్నిటినీ పెంచి 1839లో ఆయన పెద్ద గ్రంథమే ప్రచురించాడు.

ఆ సూత్రం పని చేయడం చూడాలంటే మన చీరలు చాలు. ముదురాకుపచ్చ చీరకు మిరపపండు ఎరుపు అంచు వేస్తారు. చిత్రకారుల వర్ణచక్రంలో ఆ రెండూ ఎదురెదురు రంగులు. వెడల్పుగా పక్కపక్కన పరిస్తే ఒకదాన్నొకటి వెలిగిస్తాయి. అవే రంగులను ఒకటి పడుగుగా, ఒకటి పేకగా పెట్టి నేస్తే కథ మారిపోతుంది. అంత సన్నని పోగులను కన్ను విడదీయలేక కలిపేసుకుంటుంది, రెండూ వన్నె తగ్గి గోధుమ ఛాయకు దిగుతాయి. చక్రంలో ఇరుగుపొరుగులైన నీలం, ఆకుపచ్చలను అలాగే నేస్తే మాత్రం నెమలికంఠం రంగు పుడుతుంది. బట్ట కదిలినకొద్దీ ఒకసారి నీలం, ఒకసారి పచ్చ పైకి తేలతాయి. ఏ రంగులు కలిశాయన్నదెంత ముఖ్యమో, ఎంతెంత మేర కలిశాయన్నదీ అంతే ముఖ్యం. పొందిక, వైరుధ్యం, పరిమాణం అని కళాపాఠాల్లో విడివిడిగా చదివేవన్నీ మగ్గం మీద ఒకేసారి పని చేస్తాయి.

అందుకే బొమ్మలో పసుపు చప్పగా కనిపిస్తే నేను పసుపు జోలికి పోను. కళ్లు సగం మూసి చూస్తాను. అప్పుడు రంగుల సందడి తగ్గి వెలుగునీడల తేడా తెలుస్తుంది. చుట్టూ ఉన్నది కూడా అంతే లేతగా ఉంటే, పక్కన కాస్త ముదురు ఊదా పెడతాను. పసుపు దానంతటదే లేస్తుంది.

అమెరికాలో బోధించిన జోసెఫ్ ఆల్బర్స్ 1963లో ప్రచురించిన ‘ఇంటరాక్షన్ ఆఫ్ కలర్’లో ఈ విద్యకు మంచి దారి చూపాడు. రంగులు కలపడం కన్నా ముందు రంగు కాగితాలు పక్కపక్కన పేర్చి చూడమన్నాడు. మన పిల్లలకూ వర్ణచక్రం బట్టీ పట్టించే ముందు ఆ పని చేయిద్దాం. ఒకే బూడిదరంగు కాగితాన్ని రెండు ముక్కలు చేసి, ఒకటి నలుపు మీద, ఒకటి తెలుపు మీద పెట్టమందాం. ఒకటి లేతగా, ఒకటి ముదురుగా ఎందుకు కనిపిస్తోందని పిల్లలే అడుగుతారు. ఆ ప్రశ్న పుట్టాక చెప్పే పాఠమే వాళ్లకు పట్టుబడుతుంది.