తెలుగు సిద్ధాంతగ్రంథాలు - వెబ్ ప్రమాణాలు: విమర్శనాత్మక పరిశీలన

ఉపోద్ఘాతం

సిద్ధాంతగ్రంథానికి పట్టా ప్రకటించిన ముప్పై రోజులలోగా దాని ఎలక్ట్రానిక్ ప్రతిని పంపాలని యు.జి.సి. 2009 నాటి ఎం.ఫిల్., పిహెచ్.డి. నిబంధనలలో నిర్దేశించింది. గాంధీనగర్‌లోని ఇన్‌ఫ్లిబ్‌నెట్ కేంద్రం నిర్వహించే శోధగంగలోకి ఆ విధంగా తెలుగు శాఖల గ్రంథాలు కూడా చేరుతున్నాయి. ఒక విశ్వవిద్యాలయంలో జరిగిన పరిశోధనను చూడడానికి మరొక విశ్వవిద్యాలయం పరిశోధకుడు రైలెక్కి వెళ్లి, గ్రంథాలయంలో కూర్చుని, చేత్తో రాసుకుని రావలసిన అవస్థ చాలావరకు తగ్గింది. ఇది చిన్న ప్రయోజనం కాదు. అయితే గ్రంథం తెర మీదకు వచ్చినంత మాత్రాన అందులోని విషయం పరిశోధకుడికి అందుబాటులోకి వచ్చినట్టేనా అన్నది పరిశీలించవలసిన అంశం.

వెబ్ మీద సమాచారాన్ని ఏ రూపంలో ఉంచితే ఏ యంత్రమైనా, ఏ పాఠకుడైనా ఒకే విధంగా చదువుకోగలరో నిర్ణయించే ఉమ్మడి నియమాలే వెబ్ ప్రమాణాలు. టిమ్ బెర్నర్స్-లీ 1994లో స్థాపించిన వరల్డ్ వైడ్ వెబ్ కన్సార్టియం, అక్షర సంకేతాలను నిర్ణయించే యూనికోడ్ కన్సార్టియం ఇటువంటి నియమాలను రూపొందించే సంస్థలలో ముఖ్యమైనవి. ఉన్నత విద్యలో సాంకేతికత గురించి మన సదస్సులలో జరిగే చర్చ ఎక్కువగా కొత్తగా వచ్చిన సాధనాల చుట్టూనే తిరుగుతుంది. తెలుగు పరిశోధన విషయంలో సమస్య అంతకంటే చాలా ముందు మెట్టు మీద, అక్షరం దగ్గరే, ఆగిపోయి ఉందన్నది ఈ వ్యాసం ప్రతిపాదన. ఆ మెట్టు ఎక్కకపోవడానికి కారణం ప్రమాణాలు లేకపోవడం కాదు. గ్రంథాన్ని అచ్చుపుటగా మాత్రమే చూసే మన నిబంధనలు అందుకు కారణం.

పలుకు క్రమం - రాత క్రమం

1991లో వెలువడిన యూనికోడ్ తొలి రూపంలోనే తెలుగుకు చోటు దక్కింది. భారత ప్రభుత్వ సంస్థలు రూపొందించిన ఇస్కీ సంకేతావళిని ఆధారం చేసుకుని తెలుగుకు 128 స్థానాలు కేటాయించారు. ఈ పద్ధతిలో అక్షరం ఆకారానికి కాక ఉచ్చారణకు ప్రాధాన్యం. 'లక్ష్మి' అనే మాటను యంత్రం ల, క, పొల్లు, ష, పొల్లు, మ, గుడి అనే ఏడు సంకేతాల వరుసగా దాచుకుంటుంది. వత్తు ఎక్కడ వేయాలి, గుడి ఏ హల్లు మీద పెట్టాలి అన్నది తెర మీద చూపే సమయంలో ఫాంటు చూసుకుంటుంది. సంయుక్తాక్షరాన్ని హల్లులుగా విడదీసి చెప్పే మన వ్యాకరణ బోధనకు ఇది ఎంత దగ్గరో వ్యాకరణం పాఠం చెప్పేవారికి వేరుగా చెప్పనక్కరలేదు.

డి.టి.పి. ఫాంట్లది ఇందుకు సరిగ్గా వ్యతిరేకమైన పద్ధతి. తలకట్టు, కొమ్ము, గుడి, వత్తులను వేర్వేరు ముక్కలు చేసి ఒక్కో ముక్కను ఒక్కో ఇంగ్లీషు అక్షరం లేదా గుర్తు ఉండే స్థానంలో కూర్చుతారు. కంటికి తెలుగు కనిపిస్తుంది. యంత్రం దృష్టిలో అది అర్థంలేని ఇంగ్లీషు అక్షరాల గుంపు. అటువంటి గ్రంథంలో 'కన్యాశుల్కం' అని వెతికితే, ఆ నాటకం మీద నూరు పుటలున్నా ఒక్క ఫలితమూ రాదు. దీనికి డి.టి.పి. నిపుణులను తప్పుపట్టడం సమంజసం కాదు. తెలుగు లిపిని నేరుగా చూపగల విండోస్ ఎక్స్‌పి 2001లో గాని రాలేదు. అప్పటికే మన పత్రికలూ ముద్రణాలయాలూ తమకు దొరికిన దారిలో స్థిరపడ్డాయి. అభ్యంతరమల్లా, ఆ అవసరం తీరిపోయి ఇన్నేళ్లయినా అదే పద్ధతిలో పరిశోధనను భద్రపరచడం గురించే.

యూనికోడ్ ఫాంటులో టైపు చేస్తే సమస్య తీరిపోతుందని మరొక అపోహ ఉంది. అది కూడా సగమే నిజం. శోధగంగకు పంపేది పి.డి.ఎఫ్. రూపం. పి.డి.ఎఫ్. ప్రధానంగా పుట మీద ఏ ఆకారం ఎక్కడ ఉండాలో నమోదు చేసే రూపం. ఆకారాల నుంచి తిరిగి సంకేతాలను రాబట్టే ఏర్పాటు అందులో ఉన్నా, తెలుగు వంటి లిపుల దగ్గర తరచు తడబడుతుంది. 'స్త్రీ' అనే మాటలో దీర్ఘం స మీద ఉంటుంది, క్రావడి చివర వస్తుంది. ఆ రాత క్రమాన్నే యంత్రం పట్టుకుంటే పి.డి.ఎఫ్. నుంచి తీసిన పాఠంలో 'స్తీ్ర' వెలువడుతుంది. 'ప్రియ' కాస్తా 'పి్రయ' అవుతుంది. స్త్రీవాద సాహిత్యం మీద రాసిన గ్రంథంలో 'స్త్రీ' అనే మాట దొరకకపోవడం ఎవరికైనా విచిత్రంగా తోచవచ్చు గానీ, పి.డి.ఎఫ్. నుంచి ఉల్లేఖనలు ఎత్తి రాసుకునే పరిశోధకులందరికీ ఇది పరిచితమైన తలనొప్పే.

ఇంతకంటే సూక్ష్మమైన చిక్కు కంటికి కనిపించని ఒక సంకేతంతో వస్తుంది. 'సాఫ్ట్‌వేర్' అన్న మాటలో ట్-వ కలిసి వత్తుగా మారకుండా మధ్యలో ఒక సున్నా వెడల్పు విభాజకాన్ని చేరుస్తాం. కొందరు చేరుస్తారు, కొందరు చేర్చరు. అక్షరానికి అక్షరం పోల్చి వెతికే యంత్రానికి ఆ రెండూ వేర్వేరు మాటలు. వర్ణక్రమ దోషాల విషయంలో అంత పట్టింపుగా ఉండే మన శాఖలు ఈ విభాజకం విషయంలో ఒక పద్ధతి పాటించాలని కోరిన సందర్భం నాకు తారసపడలేదు.

నష్టం ఎవరిది

దృష్టిలోపం ఉన్న విద్యార్థులు భాషాసాహిత్యాలను ఎంచుకోవడం మన తరగతి గదులలో కొత్త కాదు. వారు ఎన్‌వీడీఏ వంటి ఉచిత తెరపాఠక సాధనంతో, ఈస్పీక్ తెలుగు గొంతుతో చదువుకోగలరు. ఆ సాధనానికి కావలసినవి ప్రధానంగా రెండు: పాఠం యూనికోడ్‌లో ఉండాలి, ఆ పాఠం తెలుగు అని సూచించే 'టి.ఇ.' అనే రెండక్షరాల భాషాసంకేతం పుటలో ఉండాలి. ఆ సంకేతం ఉంటే తెలుగు వాక్యం మధ్యలో ఇంగ్లీషు ఉల్లేఖన వచ్చినప్పుడు గొంతు మారడానికి కూడా వీలుంటుంది. స్కాన్ చేసి పెట్టిన గ్రంథం దగ్గర ఆ సాధనం మౌనం వహిస్తుంది, డి.టి.పి. ఫాంటు గ్రంథం దగ్గర ఇంగ్లీషు అక్షరాల గందరగోళాన్ని వినిపిస్తుంది. వెబ్ సామగ్రి అందరికీ అందేలా ఉండడానికి కావలసిన మార్గదర్శకాలను వరల్డ్ వైడ్ వెబ్ కన్సార్టియం 2008 నుంచి సవరిస్తూ వస్తున్నది, 2.2 రూపం 2023 అక్టోబరులో వెలువడింది. మన దేశంలో 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం ఉన్నది. చట్టమూ మార్గదర్శకమూ రెండూ ఉండగా, ఒక ఎం.ఏ. విద్యార్థిని తన శాఖలోనే వెలువడిన సిద్ధాంతగ్రంథాన్ని మరొకరి చేత చదివించుకోవలసి రావడాన్ని సాంకేతిక లోపంగా కొట్టిపారేయడం నాకు సమ్మతం కాదు.

రెండవ నష్టం పరిశోధన ప్రామాణికతకు సంబంధించినది. గ్రంథచౌర్య నివారణకు యు.జి.సి. 2018లో ప్రకటించిన నిబంధనలు పోలికను నాలుగు స్థాయిలుగా విభజించాయి: 10 శాతం వరకు, 10 నుంచి 40 వరకు, 40 నుంచి 60 వరకు, 60కి మించి. ఈ శాతాలను తేల్చేది సాఫ్ట్‌వేర్. కొత్త గ్రంథం యూనికోడ్‌లో ఉండి, అది ఎత్తిరాసిన పాత గ్రంథం డి.టి.పి. ఫాంటులోనో బొమ్మ రూపంలోనో ఉంటే, అధ్యాయానికి అధ్యాయం ఒకటే అయినా ఆ రెంటి మధ్య పోలిక సున్నా అనే తేలుతుంది. అందుచేత తెలుగు గ్రంథానికి జతచేసే తక్కువ శాతం ధ్రువపత్రం నిజాయితీకి నిదర్శనమో, యంత్రం చదవలేకపోయిందనడానికి నిదర్శనమో చెప్పడం కష్టం. నిజాయితీగా పనిచేసిన పరిశోధకుడికి ఇది మరింత అన్యాయం. అతని శ్రమను గుర్తించే సాధనమే అక్కడ లేదు.

ఛందస్సుకు, శాసనాలకు

కొత్త ప్రమాణాలు మన అవసరాలకు అక్కరకు రావన్న అభిప్రాయం కూడా సరికాదు. ఛందస్సు మీద వచ్చే వ్యాసాలలో గణవిభజన చూపడానికి పాదం పైన ఒక వరుసలో గురువుకు ఇంగ్లీషు 'యు' ఆకారాన్ని, లఘువుకు నిలువు గీతను పెడతాం. మధ్య ఖాళీలతో సర్దుతాం. ఫాంటు మారినా, ఫోనులో తెర ఇరుకైనా ఆ గుర్తులు పక్క అక్షరాల మీదికి జరుగుతాయి. భగణం జగణంలా కనిపించవచ్చు. హెచ్.టి.ఎం.ఎల్.లో రూబీ అనే ఏర్పాటు ఉంది. చైనా, జపాన్ లిపులలో అక్షరం పైన ఉచ్చారణను చిన్నగా రాయడానికి దాన్ని ఉద్దేశించారు. ఒక్కొక్క తెలుగు అక్షరాన్నీ దాని గురులఘు చిహ్నంతో జతకట్టడానికి అది చక్కగా పనికివస్తుంది. తెర ఎంత ఇరుకైనా చిహ్నం తన అక్షరాన్ని విడిచిపోదు. ఈ పనికి దాన్ని వాడుకున్నవారు ఇంకా నా దృష్టికి రాలేదు.

అట్లాగే శాసనభాషను, ప్రాచీన ప్రతులను పరిశోధించేవారు తమకు కావలసిన అక్షరాలు కంప్యూటరులో లేవని ఇప్పటికీ అంటుంటారు. శాసనాలలో కనిపించే ఴ అక్షరం 2014లో వచ్చిన యూనికోడ్ 7.0లో చేరింది. పాత ముద్రణలలో, ప్రతులలో మాటల చివర వచ్చే నకారపు పొల్లుకు 2021లో 14.0 రూపంలో ప్రత్యేక స్థానం దొరికింది. ఇక పాఠాంతరాలను నమోదు చేయడానికి టి.ఇ.ఐ. అనే పాఠసంకేతన పద్ధతి 1987లో మొదలైన కృషి ఫలితంగా అందుబాటులో ఉంది. ఏ ప్రతిలో ఏ పాఠం ఉన్నదో మూలంతోపాటే గుర్తుపెట్టే వీలు అందులో ఉంది. బ్రౌను తన పండితుల చేత ప్రతులను సరిపోల్చించి చేయించిన పని వంటిదాన్ని ఈనాడు తలపెట్టేవారికి కాగితం మీది అధోజ్ఞాపికలకంటే అదే అనుకూలం.

పేరు, చిరునామా

ఉల్లేఖన విషయాన్ని క్లుప్తంగా ప్రస్తావిస్తాను. శోధగంగలోని ప్రతి గ్రంథానికీ 10603తో మొదలయ్యే శాశ్వత సంఖ్య ఉంది. మన ఆధారసూచికలలో ఆ సంఖ్యకు బదులు 'శోధగంగ నుంచి' అన్న రెండు మాటలే తరచు కనిపిస్తాయి. పేరు విషయంలో చిక్కు మరో రకమైనది. పాశ్చాత్య పద్ధతికి తగినట్లు తయారైన పట్టికలు ఇంటిపేరును వెనక ఆశిస్తాయి; మనకు అది ముందుంటుంది, చాలాసార్లు ఒక్క పొడి అక్షరంగానే మిగులుతుంది. ఒకే పరిశోధకుడు మూడు వ్యాసాలలో మూడు పేర్లతో నమోదవుతాడు. 2012లో ప్రారంభమైన ఆర్కిడ్ పదహారు స్థానాల సంఖ్యతో ఈ గందరగోళాన్ని తీరుస్తుంది. నమోదుకు రుసుము లేదు.

నిబంధన ఎక్కడ మారాలి

సిద్ధాంతగ్రంథ సమర్పణకు విశ్వవిద్యాలయాలు ఇచ్చే సూచనలలో అక్షరాల పరిమాణం, పంక్తుల మధ్య ఎడం, అంచుల కొలత, అట్ట రంగు వంటివి వివరంగా ఉంటాయి. ఆ జాబితాలో ఒక్క వాక్యం చేరిస్తే చాలు: పి.డి.ఎఫ్.తోపాటు యూనికోడ్ పాఠం ఉన్న మూల దస్త్రాన్ని కూడా సమర్పించాలి. దానివల్ల పరిశోధకుడికి అదనపు ఖర్చు లేదు. గ్రంథాన్ని బయట డి.టి.పి. చేయించేవారు ఆ షరతును ముందే చెప్పుకుంటారు. ప్రీ-పిహెచ్.డి. కోర్సులో పరిశోధన పద్ధతుల పత్రం ఎలాగూ ఉంది. తెలుగు టైపింగు, విభాజకం వాడుక, భాషాసంకేతం, శాశ్వత సంఖ్యతో ఉల్లేఖన అందులో నాలుగు తరగతుల పని.

పాత గ్రంథాల సంగతి ఇంత సులువు కాదు. డి.టి.పి. ఫాంట్ల నుంచి యూనికోడ్‌కు మార్చే పరివర్తకాలు ఉన్నాయి గానీ, అవి ఇచ్చిన పాఠాన్ని మనిషి మళ్లీ చదివి సరిచూడాలి. వత్తుల దగ్గర, అరసున్నల దగ్గర పొరపాట్లు మిగులుతాయి. పదేళ్ల గ్రంథాలను పెట్టుకున్న శాఖ కూడా వాటన్నిటినీ ఒక్కసారిగా సరిచేయలేదు. తరచు ఉల్లేఖించబడే వాటితో మొదలుపెట్టి, ఏటా కొన్ని అధ్యాయాలను ఎం.ఏ. ప్రాజెక్టు పనిగా విద్యార్థులకు అప్పగించవచ్చు. ప్రతిపరిష్కరణ నేర్పడానికి అంతకంటే మంచి అభ్యాసం దొరకదు. అయితే గ్రంథకర్త అనుమతి తీసుకోవడం, సరిచేసిన పాఠానికి బాధ్యులెవరో ఆ పాఠంలోనే నమోదు చేయడం పని మొదలుపెట్టకముందే తేల్చుకోవాలి.