సముద్రగర్భ భయానకం: సొరచేప చిత్రాలు, ‘ఘాజీ’ – రసవిరోధ పరిశీలన

వ్యాససంగ్రహం:
మునిగిన ఓడలోనో, సముద్రపు అడుగునో చిక్కుకున్న ఈతగాళ్ళను సొరచేప వెంటాడే కథలు హాలీవుడ్‌లో ఒక ప్రత్యేకశాఖగా స్థిరపడ్డాయి. తెలుగులో వీటికి సమీపంగా నిలిచే చిత్రం సంకల్ప్ రెడ్డి దర్శకత్వంలో 2017లో వచ్చిన ‘ఘాజీ’. నీటి అడుగున బందీలైన మనుషుల భయానికి వీరరసప్రధానమైన ఈ చిత్రంలో లభించిన స్థానాన్ని ఆనందవర్ధనుని రసవిరోధ చర్చ ఆధారంగా పరిశీలించడం ఈ వ్యాస ఉద్దేశం.

ముఖ్యపదాలు: భయానకం, వీరం, రసవిరోధం, ఆలంబనం, ఘాజీ, సొరచేప.

1. ఉపోద్ఘాతం:
కడప జిల్లాకు సముద్రతీరం లేదు. దువ్వూరు ప్రాంతంలో నీరంటే కె.సి. కాలువ, కుందూ నది, సేద్యపు బావి. ఇటువంటి నేలమీది ప్రేక్షకునికి కూడా సముద్రగర్భ చిత్రం భయం కలిగించగలుగుతోంది. కారణం స్పష్టమే. ఆ భయానికి మూలం సముద్రం కాదు. ఊపిరాడకపోవడం, చీకటి, ఇరుకుతనం. బావిలో మునిగి ఊపిరి బిగబట్టిన ఎవరికైనా అది తెలిసిన అనుభవమే. సాధారణీకరణం ఇక్కడ సులభసాధ్యం.

2. సొరచేప – ఆలంబనం, ఉద్దీపనం:
స్పీల్‌బర్గ్ ‘జాస్’ (1975)లో సొరచేప చాలాసేపు తెరమీద పూర్తిగా కనిపించదు. చిత్రీకరణలో యాంత్రిక సొరచేప తరచు మొరాయించడం ఇందుకొక కారణం. ఫలితంగా నీటి ఉపరితలం, నేపథ్యసంగీతం భయాన్ని మోశాయి. అంటే ఆలంబనం మరుగున ఉండగా ఉద్దీపనాలే రసాన్ని పోషించాయి. జోహానెస్ రాబర్ట్స్ ‘47 మీటర్స్ డౌన్’ (2017)లో అక్కాచెల్లెళ్ళిద్దరు ఇనుపబోనుతో సహా సముద్రపు అడుగుకు చేరతారు. బయట సొరచేపలు, వీపున తరిగిపోతున్న గాలి. సొరచేపకు ఆకలి ఉందేగాని పగ లేదు. దానిపై గెలుపు ధర్మవిజయం కాదు, బతికి బయటపడడం మాత్రమే. అందువల్ల భయం చివరివరకు భయంగానే నిలుస్తుంది.

3. ‘ఘాజీ’ – సొరచేప స్థానంలో శత్రువు:
అమెరికా నౌకాదళంలో ‘డయాబ్లో’గా పనిచేసిన జలాంతర్గామి 1964లో పాకిస్తాన్ చేరి ‘ఘాజీ’ అయింది. 1971 డిసెంబరులో విశాఖపట్నం సమీపంలో సిబ్బంది అందరితో మునిగిపోయింది. ఐ.ఎన్.ఎస్. రాజ్‌పుత్ దాడివల్ల మునిగిందని భారత నౌకాదళ కథనం. అంతర్గత విస్ఫోటనం గాని, సొంత మందుపాతర గాని కారణమని పాకిస్తాన్ పక్షం. చిత్రం ఈ రెంటినీ వదలి ఎస్-21 అనే భారత జలాంతర్గామిని ఘాజీకి ఎదురు నిలిపింది.

మందుపాతర పేలుడుకు దెబ్బతిన్న ఎస్-21 ముందుకు సాగలేదు. పైకి లేవగలదు, కిందికి దిగగలదు, అంతే. ఈ కల్పనలో చిత్రం సొరచేప కథకు అతిసమీపంగా వస్తుంది. చిక్కుకున్నవారు కదలలేరు, వేటాడేది కంటికి కనబడదు, శబ్దమే దాని జాడ. అయితే వేటాడేది ఇక్కడ మనిషి. అతనికి పేరుంది, జెండా ఉంది, వ్యూహముంది. ఆకలి స్థానంలో వైరం చేరడంతో భయానకం వీరానికి అంగమైంది.

4. రసవిరోధ పరిహారం:
వీరభయానకాలు పరస్పర విరోధులు. ఒకే ఆశ్రయంలో ఉత్సాహం, భయం పొసగవు కనుక వాటిని భిన్నాశ్రయాలలో నిలపాలని, నాయకునిలో వీరం, ప్రతినాయకునిలో భయం చూపాలని ‘ధ్వన్యాలోకం’ సూచించిన మార్గం. సముద్రగర్భ కథకు ఈ మార్గం కఠినం. ఒకే ఉక్కుగొట్టంలో ఒకే గాలి పీల్చేవారికి భయం వేరువేరుగా ఉండదు. ‘ఘాజీ’ ఈ చిక్కును జాతీయగీతాలాపనతో దాటింది. వ్యక్తుల భయం సామూహికమైన ఉత్సాహంలో లీనమవుతుంది. శత్రు సారథిలో క్రోధం రేగుతుంది. నాటకీయంగా ఇది సఫలమే. కాని దీనికి చెల్లించిన మూల్యం కూడా ఉంది. ఆ క్షణం నుంచి గాలి, నీరు, లోతు కేవలం అడ్డంకులుగా మిగిలాయి. సముద్రం తన ఉదాసీనతను కోల్పోయింది.

‘దేవర’ (2024) ఇదే ధోరణికి పరాకాష్ఠ. అక్కడ కథానాయకుడు సొరచేపపై సవారీ చేస్తాడు. భయానికి ఆలంబనం కావలసిన ప్రాణి వీరునికి వాహనమైంది. ఇది పురాణసంప్రదాయానికి దగ్గర. భయానకానికి మాత్రం దూరం.

5. ముగింపు:
మునిగిన ఓడ సొరచేప చిత్రాలకు ఆరంభం, ‘ఘాజీ’కి అది ముగింపు. శత్రునౌక పేలడంతో వీరం పూర్తయింది. ఆ నౌకలోనూ చివరి గాలి కోసం పెనుగులాడిన మనుషులు ఉండి ఉంటారన్న ఊహకు కథలో చోటు లేదు. యుద్ధచిత్రం ఆ పని చేసి తీరాలని కాదు. అయితే గంటన్నరకు పైగా ఒక జలాంతర్గామిలోని ఊపిరిని ప్రేక్షకునిచేత పీల్పించిన చిత్రం, రెండవ జలాంతర్గామి ఊపిరి ఆగినప్పుడు క్షణకాలమైనా మౌనం పాటించి ఉంటే, వీరానికి లోటు రాకుండానే కరుణ ధ్వనించేది. విశాఖ సముద్రంలో ఆ శిథిలం నేటికీ ఉంది. ఆ శిథిలంలోంచి మొదలయ్యే కథ తెలుగుతెరకు ఇంకా రావలసే ఉంది.