తొందరపడని కర్ర

శుక్రవారం పొద్దున, ఎండ ముదరకముందు, కువైట్‌లోని మా సబా అల్ సలేంలో ఆ గంటా గంటన్నర పిల్లలదే. మా బిల్డింగు వెనక కార్లు లేని జాగాలో రాయచోటి తమ్ముడి కూతురు హాకీ ఆడుతుంటుంది. పద్నాలుగేళ్ల పిల్ల. వాళ్ల అన్న బంతి తెస్తుంటే ఆపడమే ఆమెకు ఇష్టం. మొన్న ఆ తమ్ముడు అడిగాడు: "అన్నా, మా పాప బాగా అడ్డుకుంటాది గానీ గోలే కొట్టదు. రేపు పెద్ద టీములో నిలబడతాదంటావా?"

నేను ఆ పిల్ల కాళ్ల వైపు చూడమన్నాను. అన్న దూసుకొస్తుంటే ఎదురెళ్లలేదు. మోకాళ్లు వంచి రెండడుగులు వెనక్కి వేసింది. కర్ర నేలకు ఆనించే ఉంచింది. వాడు ఎడమకు తిప్పబోయి కుడికి లాగాడు. బంతి కర్రకు జానెడు దూరమైన క్షణాన ఆమె కర్రను నేలమీద అడ్డంగా పరిచింది. బంతి అక్కడే ఆగిపోయింది.

హాకీ కర్రకు ఒకవైపే చదును. వెనకవైపుతో బంతిని తాకితే ఫౌల్. అందుకే డిఫెండర్‌కు కుడివైపు బలం, ఎడమవైపు బలహీనం. నేర్చినవాళ్లు ఎదుటివాణ్ని తరమరు, తమ కుడివైపుకే వచ్చేలా దారి మూస్తారు. మధ్యలో కర్రను ముందుకు పొడిచినట్టు చాచి వెంటనే వెనక్కి తీస్తారు. అది బంతి కోసం కాదు, ఎదుటివాడి తల దించడానికి. తల దించినవాడికి పక్కనున్న తోడు ఆటగాడు కనిపించడు. కుర్రతనంలో అందరూ చేసే తప్పు ఒకటే, ముందే దూకడం. స్కూలు ఆటలో అది చెల్లుతుంది. పైస్థాయిలో దూకిన డిఫెండర్ వెనక ఖాళీ మిగులుతుంది. గోలు ముందున్న 'డి'లో పొరపాటు చేస్తే పెనాల్టీ కార్నర్.

అసలు పరీక్ష ఆ పెనాల్టీ కార్నరే. అడ్డుకునే జట్టులో గోల్‌కీపర్, మరో నలుగురు గోలు గీత వెనక నిలబడతారు, మిగతావాళ్లంతా సగం గీత అవతల. బంతి కదలగానే ఒకరు ముసుగు, మోకాలి కవచాలతో బంతిని కర్రతో ఈడ్చి విసిరే డ్రాగ్ ఫ్లిక్ కొట్టేవాళ్ల మీదికి నేరుగా పరిగెత్తాలి. సుమారు 160 గ్రాముల బరువుండే గట్టి బంతికి ఎదురెళ్లే ఆ పరుగుకు స్కోరుబోర్డులో పేరుండదు. 2021 ఆగస్టు 2న టోక్యో ఒలింపిక్స్ క్వార్టర్‌ఫైనల్లో భారత్‌పై ఆస్ట్రేలియా అమ్మాయిలు ఒక్క పెనాల్టీ కార్నర్‌నూ గోలు చేయలేకపోయారు. మనం గుర్జీత్ కౌర్ కొట్టిన ఒక్క గోలుతో 1-0గా గెలిచాం. ఆ విజయం నా దృష్టిలో గోల్‌కీపర్ సవిత, ఆమె ముందు నిలిచిన డిఫెండర్లది.

ఆ సవిత వెనక ఏళ్ల తరబడి రెండో గోల్‌కీపర్‌గా ఎదురుచూసింది మన రజని ఎటిమార్పు. ఉమ్మడి చిత్తూరు జిల్లా అమ్మాయి. 2018 ఆసియా క్రీడల్లో రజతం, 2022 బర్మింగ్‌హామ్ కామన్వెల్త్ క్రీడల్లో కాంస్యం గెలిచిన జట్లలో ఆమె ఉంది. గోల్‌కీపర్ స్థానం ఒక్కటే. ఎదుట సవితలాంటి మనిషి ఉంటే ఎంత సిద్ధపడ్డా బెంచీ తప్పదు. ఆడని రోజు కూడా ఆడబోయేదానిలా నిలబడగలగడాన్ని నేను సిద్ధపాటులో పెద్ద భాగంగా లెక్కిస్తాను. 2024 జనవరిలో మస్కట్‌లో తొలి హాకీ ఫైవ్స్ ప్రపంచకప్ జరిగింది. జట్టుకు ఐదుగురే, 20 నిమిషాల ఆట, ఊపిరి తీసుకునే వ్యవధి ఉండదు. గోల్‌కీపర్‌కు అంతకన్నా కష్టమైన ఆట లేదు. భారత జట్టుకు కెప్టెన్ రజనే. సెమీస్‌లో దక్షిణాఫ్రికాను ఓడించి, ఫైనల్లో నెదర్లాండ్స్ చేతిలో ఓడి రజతంతో వచ్చారు. గల్ఫ్‌లో బతుకుతున్న మన సీమవాళ్లలో ఎంతమందికి ఈ సంగతి తెలుసో! తెలియకపోతే ఆ లోటు మనది.

తమ్ముడితో నేను చెప్పింది ఇదే: పాపను గోలు కొట్టమని సతాయించొద్దు. ఈ ఏడాదంతా మోకాళ్లు వంచి వెనక్కి నడవడం నేర్పించు. వచ్చే శుక్రవారం పొద్దున నేనూ వస్తాను, వాళ్ల అన్నకు అలుపొస్తే బంతి నేను తెస్తాను.