పడవకు కుదిరిన మోటారు

గుంటూరు, ప్రకాశం నల్లరేగడిలో పత్తి, మిరప వేసే ఇంట్లో పెట్రోలులో నూనె కలపడం అందరికీ తెలిసిన పనే. వీపున తగిలించుకునే పవర్ స్ప్రేయరుకు లీటరుకు ఇంత అని 2టి ఆయిలు కొలిచి పోసి, డబ్బా బాగా కుదిపి, తాడు లాగుతారు. అదే జాతి ఇంజను, బాగా పెద్దదై, సముద్రపు ఒడ్డున పడవ వెనక బల్లకు వేలాడుతూ కనిపిస్తుంది. చేలో స్ప్రేయరు మొరాయిస్తే గట్టు మీద కూర్చుని ప్లగ్గు తీసి తుడుచుకోవచ్చు. ఒడ్డు కనపడనంత దూరంలో మోటారు ఆగితే కూర్చోవడానికి గట్టుండదు. పాత మోటారు తీసి కొత్తది పెట్టడం, పెట్టాక దాన్ని పరీక్షించడం తీరంలో అంత పెద్ద పని కావడానికి కారణం అదే. పైకి చూస్తే నాలుగు బోల్టుల పనిలా ఉంటుంది. అందులో ఉన్న లెక్క, చేతి నేర్పు లోపలి ఊళ్లవాళ్లకు తెలియాలని నాకు చాలాకాలంగా కోరిక.

ముందు ఆ తీరం సంగతి చెప్పాలి. 2022 ఏప్రిల్ 4న బాపట్ల జిల్లా ఏర్పడ్డాక నిజాంపట్నం, సూర్యలంక, వాడరేవు అందులోకి వెళ్లాయి. కొత్తపట్నం ప్రకాశంలోనే ఉంది. నిజాంపట్నంలో హార్బరు ఉంది కాబట్టి అక్కడి పడవలకు కెరటాల తాకిడి లేని నీళ్లు దొరుకుతాయి. మిగతా చోట్ల చాలావరకు బోసి ఇసుక ఒడ్డే. పడవను కెరటాల్లోంచి తోసుకుపోవాలి, కెరటాల మీదుగానే వెనక్కి తేవాలి. ఈ తీరం ప్రమాదం కొత్తగా తెలిసింది కాదు. ఇక్కడి మోటుపల్లి రేవుకు కాకతి గణపతిదేవుడు 1244లో అభయశాసనం వేయించాడు. తుపానుకు చెదిరి ఒడ్డుకు కొట్టుకొచ్చిన ఓడల సరుకును ఇకమీదట రాజు స్వాధీనం చేసుకోడని, న్యాయమైన సుంకం మాత్రమే తీసుకుంటాడని వర్తకులకు మాట ఇచ్చాడు. అంత పెద్ద రాజు అలాంటి మాట ప్రత్యేకంగా ఇవ్వాల్సి వచ్చిందంటే ఇక్కడ సముద్రం ఎన్ని ఓడలను ఒడ్డుకు విసిరేదో ఊహించుకోవచ్చు.

ఇలాంటి ఒడ్డుకు మోటారు తేవడం తేలిక కాలేదు. నీళ్లలోకి దిగి ఉండే పంకా ఇసుకకు తగిలితే విరుగుతుంది, కెరటంలో పడవ అడ్డం తిరుగుతుంది. 1979లో మద్రాసు కేంద్రంగా మొదలైన ఐక్యరాజ్యసమితి ఆహార వ్యవసాయ సంస్థ వారి బంగాళాఖాతం కార్యక్రమం ఈ చిక్కు మీద ఏళ్ల తరబడి పనిచేసింది. ఒడ్డుకు వస్తున్నప్పుడు పంకాను, దాని రాడ్డును పైకి ఎత్తుకునే ఏర్పాటు ఉన్న పడవలను తయారుచేసి, ఉప్పాడ లాంటి ఒడ్లలో పరీక్షించింది. నార్వే నౌకాశిల్పి ఓయ్‌విండ్ గుల్‌బ్రాండ్‌సెన్ ఆ పనిలో ముఖ్యుడు. 2004 డిసెంబరు 26 సునామీ తర్వాత చెక్క పడవల చోట ఫైబరు పడవలు బాగా పెరిగాయి. వాటితో పాటు లాంగ్ టెయిల్ ఇంజన్లూ ఎక్కువయ్యాయి.

లాంగ్ టెయిల్ అంటే గాలితో చల్లబడే చిన్న డీజిలు ఇంజను, దానికి తగిలించిన పొడవాటి రాడ్డు, రాడ్డు చివర పంకా. అంతా ఒక ఇరుసు మీద నిలబడుతుంది. పిడి కిందికి నొక్కితే పంకా నీళ్లలోంచి లేస్తుంది. కాలవల మీద పొలాలకు నీళ్లు తోడే ఆయిలింజన్లను విప్పి బిగించిన మెకానిక్కుకు ఇది పరాయిది కాదు. దాన్ని మార్చేటప్పుడు చూడాల్సిందల్లా తూకం. ఇంజను బరువు ఇరుసుకు ఇటు, రాడ్డు బరువు అటు సరిగ్గా తూగాలి. కెరటంలో పడవ నడిపే సరంగు ఒక్క చేత్తో పంకాను లేపగలగాలి. లేపలేకపోతే ఎన్ని గుర్రాల బలం ఉన్నా ఆ ఇంజను ఆ ఒడ్డుకు పనికిరాదు.

వెనక బల్లకు వేలాడే పెట్రోలు మోటారు లెక్క ఇంతకంటే చిక్కు. అమెరికాలో ఓలె ఎవిన్‌రూడ్ 1909లో అమ్మకానికి తెచ్చిన నమూనాకు, ఇవాళ్టి మోటారుకు మూలసూత్రం ఒకటే: పైన ఇంజను, మధ్యలో నిలువు కాలు, కింద గేర్లు, పంకా. మార్పిడి మాత్రం పడవను చూడటంతో మొదలవుతుంది, మోటారును చూడటంతో కాదు. పాతదాన్ని దించగానే మెకానిక్కు చేసే మొదటి పని సుత్తి పిడితో వెనక బల్లను అంగుళం అంగుళం తట్టడం. ఫైబరు పొరల మధ్య చెక్క ఉంటుంది. పాత బోల్టు రంధ్రాల్లోంచి ఏళ్ల తరబడి ఉప్పునీరు దిగి ఆ చెక్క లోపలే కుళ్లిపోతుంది, పైన రంగు మాత్రం నిగనిగలాడుతుంది. పుచ్చకాయ తట్టి పండిందో లేదో చెప్పినట్టు ఆ చప్పుడు విని బల్ల సంగతి చెబుతారు. టంగుమంటే గట్టిది, బొదబొదమంటే నానినది. నానిన బల్ల మీద కొత్త మోటారు పెట్టడం కంటే ఆ సీజను వేట మానుకోవడం మేలని నా అభిప్రాయం. ముందుకు తోసే బలమంతా ఆ బల్ల మీదే పడుతుంది.

తర్వాత బరువు. పాతది రెండు స్ట్రోకులది, కొత్తది నాలుగు స్ట్రోకులది అయితే 40 గుర్రాల తరగతిలో తేడా 20 కిలోలు దాటవచ్చు. పడవ చివర అంత బరువు పెరిగితే వెనకభాగం కుంగుతుంది. నీరు బయటికి పోవాల్సిన తూముల్లోంచే లోపలికి వస్తుంది. అప్పుడు ఐసు పెట్టె, పెట్రోలు ట్యాంకు, లంగరు ముందుకు జరపాలి. తెరచాప రోజుల్లో గాలి మారినప్పుడల్లా మనుషులూ వలలూ జరిగి పడవను సరిచేసుకున్న అనుభవం ఇక్కడ పనికొస్తుంది. పాతకాలపు వేటగాడు పడవ నీళ్లలో కూర్చున్న తీరు చూసి, కొలబద్ద లేకుండానే బరువు ఎటు జరపాలో చెప్పేస్తాడు.

మొత్తం పనిలో అతి ముఖ్యమైంది ఎత్తు. మోటారు కాళ్లు సాధారణంగా రెండు కొలతల్లో వస్తాయి: 15 అంగుళాల బల్లకు పొట్టిది, 20 అంగుళాల బల్లకు పొడుగుది. పంకాకు కాస్త పైన, బల్లపరుపుగా రెక్కలాంటి రేకు ఒకటి ఉంటుంది. ఉపరితలం మీది గాలి కిందికి దిగి పంకాకు అందకుండా ఆపడం దాని పని. ఆ రేకు పడవ అడుగుకు సమానంగా, లేదా ఒక అంగుళం లోపు కిందికి ఉండాలి. పొడవాటి చెక్కను పడవ అడుగుకు ఆనించి వెనక్కి చాచి చూస్తే తేడా కంటికి తెలుస్తుంది. మోటారు ఎక్కువ ఎత్తున ఉంటే పంకా గాలి తాగుతుంది. ఇంజను గోలగోలగా తిరుగుతుంది, పడవ కదలదు. మరీ కిందికి ఉంటే ఆ కాలే నీటిని చీలుస్తూ పడవను వెనక్కి లాగుతుంది, పెట్రోలు వృథా అవుతుంది, వెనకనుంచి వచ్చే కెరటం ఇంజను తలదాకా ఎగురుతుంది. కెరటాల ఒడ్డున సరంగులు అరంగుళం కిందికి పెట్టమంటారు, కెరటం మీద వెనకభాగం లేచినప్పుడు కూడా పంకా నీళ్లలో ఉండాలని. నిజాంపట్నం లాంటి నిలకడ నీళ్లలో ఆ అవసరం తక్కువ.

ఎత్తు తేలాక రంధ్రాలు. పైన ఉండే రెండు బిగింపు మరలు చాలనుకోవడం పెద్ద పొరపాటు. అదురుకు అవి మెల్లగా వదులవుతాయి, మోటారు సముద్రంలో పడిపోతుంది. బల్లకు ఇవతలినుంచి అవతలికి స్టీలు బోల్టులు వెళ్లాలి. లోపలివైపు వెడల్పు వాచర్లు, రంధ్రం గోడ నిండా సముద్రపు పనికి చేసిన మైనం లాంటి సీలెంటు ఉండాలి. పాత రంధ్రాలు కొత్త మోటారుకు సరిపోకపోతే వాటిని రెజినుతో పూడ్చి కొత్తవి వేయాలి. పాతదాన్నే పెద్దది చేసి సర్దితే రెండేళ్లకు బల్ల మళ్లీ నానుతుంది. పంకా దగ్గర ఉండే జింకు ముక్కకు ఎప్పుడూ రంగు వేయకూడదు. ఉప్పునీటిలో అల్యూమినియం తినుకుపోకుండా తాను కరిగిపోవడమే దాని పని. రంగు పూస్తే ఆ పని ఆగిపోతుంది.

ఇప్పుడు పెట్రోలు. చాలా రెండు స్ట్రోకుల మోటార్లకు రోజువారీ పాళ్లు 50కి 1, అంటే లీటరుకు 20 మిల్లీలీటర్ల నూనె. కొత్తదానికి తొలి పది గంటలు అంతకు రెట్టింపు, లీటరుకు 40 మిల్లీలీటర్లు పోస్తారు. స్ప్రేయరుకు వాడే నూనె ఇక్కడ వాడకూడదు. సముద్రపు మోటారు చల్లటి నీటితో చల్లబడుతూ గంటల తరబడి ఒకే వేగంలో తిరుగుతుంది, దానికి వేరే రకం నూనె ఉంది.

తొలి పరీక్ష ఒడ్డునే, నీళ్ల డ్రమ్ములో. పంకా విప్పేసి, ఆ బల్లపరుపు రేకు మునిగేదాకా నీళ్లు పోసి, తాడు లాగుతారు. వెంటనే చూడాల్సింది వెనకనుంచి చిమ్మే సన్నటి నీటి ధార. అది రాకపోతే లోపలి రబ్బరు పంపు నీటిని ఎత్తడం లేదన్నమాట. ఆ క్షణమే ఆపేయాలి. పొడిగా ఒక్క నిమిషం తిరిగినా ఆ రబ్బరు రెక్కలు కాలిపోతాయి. ముందుకు, వెనక్కి గేర్లు పడుతున్నాయా, ఆపే తాడు లాగితే ఇంజను చటుక్కున ఆగుతుందా అన్నవి కూడా ఇక్కడే చూస్తారు. ఆ తాడు మనిషి మణికట్టుకు కట్టుకునేది. సరంగు నీళ్లలో పడితే మోటారు ఆగాలి, లేకపోతే తిరిగే పంకాతో పడవ అతని మీదికే గుండ్రంగా తిరిగి రావచ్చు. చాలామంది దాన్ని పిడికే ముడివేసి వదిలేస్తారు. ఇది మారితీరాలి.

రెండో పరీక్ష సముద్రంలో. పొద్దున గాలి లేవకముందు, తోడుగా మరో పడవతో వెళ్తారు. నడుంలోతు నీళ్లు వచ్చేదాకా గెడతోనే తోసుకుపోతారు, మోటారు తిప్పరు. లోతు తక్కువ నీళ్లలో తిప్పితే పంపు ఇసుకను పీలుస్తుంది. కెరటాలు గుంపులుగా వస్తాయి, గుంపుకూ గుంపుకూ మధ్య సందు ఉంటుంది. ఆ సందు కోసం కాచుకుని దాటడం తెప్పల కాలం నాటి విద్య, మోటారు వచ్చినా దాని అవసరం పోలేదు. తొలి గంట నిమిషానికి 2000 చుట్లకు మించకుండా, రెండో గంట 3000 దగ్గర, మిగిలిన ఎనిమిది గంటలూ నిండు వేగంలో ఒకేసారి ఐదు నిమిషాలు మించకుండా నడపడం సాధారణ పద్ధతి.

అసలు పరీక్ష ఆ పది గంటలు పూర్తయ్యాక. ఐసు, వలలు, మనుషులు, అంటే వేటకు పోయేటప్పుడు ఉండే బరువంతా ఎక్కించి నిండు వేగం ఇవ్వాలి. ఖాళీ పడవతో చేసిన పరీక్షకు విలువ లేదు. కంపెనీ 4500 నుంచి 5500 చుట్లు అని చెప్పిందనుకుందాం. మోటారు 4000 దగ్గరే మూలుగుతుంటే పంకా వంపు ఎక్కువైంది. 6000 దాటి అరుస్తుంటే తక్కువైంది. పంకా ఒక చుట్టులో ముందుకు వెళ్లాల్సిన దూరమే వంపు, దాన్ని అంగుళాల్లో చెబుతారు. ఆ అంగుళం ఒకటి మారితే చుట్లు 150 నుంచి 200 దాకా మారతాయి. లెక్క ఇలా వేస్తారు: ఇంజను 5000, గేర్లు సగానికి తగ్గిస్తే పంకా 2500, వంపు 10 అంగుళాలు. జారుడు లేకపోతే గంటకు 38 కిలోమీటర్లు. నీరు జారుతుంది కాబట్టి బరువు పడవ అందులో సగమే పోవచ్చు. వాలుకు ఒకసారి, ఎదురుకు ఒకసారి ఫోనులో వేగం చూసి సగటు తీస్తే నిజం తెలుస్తుంది. చుట్లు తక్కువైనా వేగం బాగుందని వదిలేసేవాళ్లున్నారు. బరువు మోయలేక మూలిగే మోటారు పిస్టను ముందుగా పోతుంది.

వేగంతో పాటు పడవ నడక చూడాలి. ముక్కు నీళ్లలో గుచ్చుకుంటుంటే మోటారు కోణం బయటికి, ముక్కు లేచి ఎగిరెగిరి పడుతుంటే లోపలికి, పిన్ను ఒక్క రంధ్రం జరుపుతారు. పిడి ఒకవైపే లాగుతుంటే పంకా పైనుండే చిన్న చుక్కాని రేకును ఆ వైపుకే కొద్దిగా తిప్పుతారు. కృష్ణా నదిలో సరిచేసుకున్న కొలతలు సముద్రంలో తూచా తప్పకుండా పనిచేయవు. ఉప్పునీరు మంచినీటి కంటే దాదాపు రెండున్నర శాతం బరువైంది, అదే పడవ అక్కడ కాస్త పైకి తేలుతుంది. 2024 సెప్టెంబరు తొలి రోజుల్లో ప్రకాశం బ్యారేజీ మీదుగా 11.43 లక్షల క్యూసెక్కుల వరద పోయినప్పుడు లంక గ్రామాలకు చిన్న పడవలే పెద్ద దిక్కు. అలాంటి రోజున తాడు లాగగానే తిరిగే మోటారు వెనక ఎవరో ఒకరు ఎప్పుడో ఓపిగ్గా చేసిన ఈ పనంతా ఉంటుంది.

పది గంటల తర్వాత బోల్టులన్నీ మళ్లీ బిగించి, గేరు నూనె మార్చి, మంచినీళ్లతో లోపల కడుగుతారు. గేరు నూనె పాలలా తెల్లబడి ఉంటే సీలులోంచి నీరు దిగుతోందని అర్థం.

ఇంత విద్య ఒడ్డున ఇద్దరు ముగ్గురి చేతుల్లో ఉంటుంది, వాళ్ల పక్కన పానాలు అందించే కుర్రాళ్లకు కొంత అబ్బుతుంది. కేంద్ర ప్రభుత్వ మత్స్య శిక్షణ సంస్థ సిఫ్‌నెట్‌కు విశాఖలో ఉన్న శాఖలో మెరైన్ ఫిట్టరు కోర్సు ఉంది. అది మంచిదే, కానీ ప్రధానంగా పెద్ద నౌకల కోసం. ఐటీఐల్లో డీజిల్ మెకానిక్ చదివిన పిల్లలకు పడవ వెనక బల్ల ఎలా తట్టి చూడాలో ఎవరూ నేర్పరు. ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా, 61 రోజులు వేట నిషేధం. పడవలన్నీ ఒడ్డునే ఉంటాయి, మోటార్లు విప్పేదీ మార్చేదీ అప్పుడే. కొత్త హార్బర్ల జాబితాలో వాడరేవు, కొత్తపట్నం కూడా ఉన్నాయి. ఆ ఒడ్లలో ఒక షెడ్డు, ఒక నీళ్ల డ్రమ్ము, చుట్లు లెక్కించే మీటరు ఒకటి పెట్టి, అనుభవమున్న మెకానిక్కులకు జీతమిచ్చి ఆ రెండు నెలలూ నేర్పిస్తే ఖర్చు పెద్దదేమీ కాదు. ఈలోగా పడవ యజమానులు చేయగలిగింది ఒకటుంది. మోటారు కుదిరాక వెనక బల్ల లోపలివైపు రంగుతో నాలుగు అంకెలు రాసుకోవాలి: బల్ల ఎత్తు, కోణం పిన్ను ఎన్నో రంధ్రంలో ఉంది, పంకా వంపు, నిండు బరువుతో వచ్చిన చుట్లు. మళ్లీ మోటారు మార్చేది ఎవరైనా సరే, పని అక్కడినుంచి మొదలుపెట్టవచ్చు.