సామాజిక తనిఖీ: ఒక విమర్శనాత్మక పరిశీలన

ఒడుదొడుకులను తట్టుకునే శక్తి ప్రజాస్వామ్యానికి ఎన్నికల వల్ల మాత్రమే రాదు. ఒక ఎన్నికకూ మరో ఎన్నికకూ మధ్య పౌరులు పాలకులను ఏమేరకు ప్రశ్నించగలరన్నది కూడా ముఖ్యమే. ఉపాధి హామీ పనుల సామాజిక తనిఖీ ఉదాహరణగా మీరు ఈ అంశాన్ని పరిశీలించండి.

రాజస్థాన్‌లో మజ్దూర్ కిసాన్ శక్తి సంఘటన్ 1994లో బహిరంగ విచారణలు ప్రారంభించింది. ప్రభుత్వ పనుల లెక్కలను ఊరందరి ముందు చదివి వినిపించడం వాటి పద్ధతి. 2005 నాటి ఉపాధి హామీ చట్టం 17వ సెక్షన్ ఈ తనిఖీ బాధ్యతను గ్రామసభకు అప్పగించింది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ 2006లో దీనిని మొదలుపెట్టి, 2009లో ఇందుకోసం ప్రత్యేక సంస్థను నెలకొల్పింది. కూలీల కుటుంబాలకు చెందిన చదువుకున్న యువతీయువకులు శిక్షణ పొంది, మస్టర్లతో ఇంటింటికీ వెళ్లి పనిదినాలు, అందిన కూలి సరిచూశారు. ఆ వివరాలను మండల ప్రజావేదికలో అధికారుల సమక్షంలో చదివారు. ఓటుతో ఆగిన భాగస్వామ్యం లెక్క అడిగే దాకా వచ్చింది.

ఇంతవరకే రాస్తే అది ప్రశంస అవుతుంది. ఫర్జానా అఫ్రిదీ, వెగార్డ్ ఐవర్సెన్ అనే ఆర్థికవేత్తలు ఈ తనిఖీ నివేదికలనే అధ్యయనం చేశారు. కూలికి సంబంధించిన అక్రమాల్లో చేతులు మారే సొమ్ము కొంత తగ్గింది. అయితే సామగ్రి ఖర్చులో అక్రమాలు పెరిగాయి. బయటపడినవాటిలో శిక్ష దాకా వెళ్లినవి చాలా స్వల్పం.

దీనికి కారణం ఆలోచించండి. తాను ఎన్ని రోజులు పనిచేసిందీ కూలీకి తెలుసు; సిమెంటు బిల్లు నిజమైనదో కాదో తెలియదు. పైగా తప్పు బయటపెట్టింది ప్రజలు, చర్య తీసుకోవలసింది మాత్రం అదే ప్రభుత్వ యంత్రాంగం. ఈ రెండు పరిమితులనూ చూపడమే ఆ పరిశోధన విలువ. అయితే తనిఖీదారుల నైపుణ్యం పెరిగితే ఎక్కువ అక్రమాలు కనిపించవచ్చు కాబట్టి, నమోదైన పెరుగుదలంతా అవినీతి పెరుగుదలేనని తీర్మానించకూడదు.

మరొక విషయం గమనించాలి. ఆ పరిశోధనకు ముడిసరుకు కూలీలు ఇచ్చిన వాంగ్మూలాలే. అందువల్ల దాని ఫలితాలు తెలుగులో తిరిగి గ్రామసభకు చేరాలి. చేరితే తరువాతి తనిఖీలో బిల్లులు చదవగలవారిని కూర్చోబెట్టమని ఊరివాళ్లే అడగగలరు. ఫిర్యాదు ఏమైందో చెప్పమని గడువు పెట్టి నిలదీయగలరు. చేరకపోతే, చెప్పినా ఏమీ జరగదన్న నిరాశతో మరోసారి నోరు విప్పేవారు తగ్గిపోతారు.

ఈ అంశంపై సమాధానం రాసేటప్పుడు లాభనష్టాల పట్టికతో సరిపెట్టకండి. ఎవరు మాట్లాడారు, ఎవరు విన్నారు, విన్న తరువాత ఏం చేశారు అనే మూడు ప్రశ్నలూ వేసుకోండి.