కీడుకు సమర్థన: క్రైస్తవ సమాధానాలపై ఒక పరిశీలన

దేవుడు సర్వశక్తిమంతుడు, అపార దయామయుడు అయినప్పుడు లోకంలో ఇంత కీడు ఎందుకున్నదన్న ప్రశ్న నాస్తికులు కల్పించినది కాదు. విశ్వాసులే, అదీ శవాల పక్కన కూర్చుని, ఆ ప్రశ్న అడిగారు. పాశ్చాత్య క్రైస్తవ తత్వవేత్తలు దీనికి చెప్పిన జవాబులు ప్రపంచమంతటా పాఠ్యాంశాలయ్యాయి. వాటిని గ్రంథాలయంలో తూచడం ఒకటి. జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్లల్లో తూచడం మరొకటి. ఈ వ్యాసం రెండవ పనికి పూనుకొన్నది.

అగస్టీన్ చెప్పిన జవాబు అన్నిటికంటే ప్రసిద్ధం. కీడుకు స్వంత ఉనికి లేదు, వెలుతురు లేమి చీకటి అయినట్లే మంచి లేమియే కీడు అన్నాడాయన. చెడుకు వేరే ఒక దేవతను కల్పించిన మానీ మతస్థులను ఖండించడానికి ఈ మాట చాలు. కాని చూపు లేకపోవడం కూడా లేమియే. గుడ్డివానికి ఆ సంగతి చెప్పినందువల్ల ఒరిగేదేమీ లేదు.

మనం నిలిచి ఆలోచించవలసింది స్వేచ్ఛావాదం గురించి. దైవశక్తి, దైవకారుణ్యం, కీడు ఈ మూడూ తర్కరీత్యా ఒకచోట ఇమడవని 1955లో జె. ఎల్. మాకీ వాదించాడు. ఆ వాదానికి ఆల్విన్ ప్లాంటింగా 1974లో ‘గాడ్, ఫ్రీడం అండ్ ఈవిల్’ అనే గ్రంథంలో బదులిచ్చాడు. మనిషికి నిజమైన స్వేచ్ఛ ఇచ్చిన తరువాత, అతడు ఎల్లప్పుడూ మంచే చేసేటట్లు బలవంతం చేయడం సర్వశక్తునికైనా కుదరదు; బలవంతం చేస్తే అది స్వేచ్ఛ కాదు. కనుక వైరుధ్యం లేదని ఆయన తేల్చాడు. అంతకు మించి తాను ఏమీ చెప్పడం లేదని కూడా ఒప్పుకొన్నాడు. ఆ నిజాయితీ మెచ్చదగినది.

ఈ వాదాన్ని సిరిసిల్లకు తెద్దాం. 1990ల చివరి నుంచి అక్కడ సాంచాల మీద పనిచేసే నేతకార్మికులు వరుసగా ఆత్మహత్యలు చేసుకొన్నారు. అప్పులు, చాలీచాలని కూలి, గుడ్డకు గిరాకీ పడిపోవడం, పని దొరకని నెలలు - కారణాలు లోకమెరిగినవే. వీటిలో ప్రతిదాని వెనుక ఎవరో ఒకరి స్వేచ్ఛ ఉన్నది: వడ్డీ నిర్ణయించినవానిది, కూలి నిర్ణయించినవానిది, విధానాలు రాసినవానిది. స్వేచ్ఛ ఒకరిది, చావు మరొకరిది అయింది. ఒకరికొకరు మేలు చేసుకొనగల లోకంలో కీడు చేసుకొనే వీలు కూడా ఉండక తప్పదని ప్లాంటింగా పక్షాన చెప్పవచ్చును. ఒప్పుకొందాం. పైగా ఈ వాదంలో ఒక సుగుణం ఉన్నది. సిరిసిల్ల చావులను తలరాతగా తోసిపుచ్చే నోళ్లకు ఇది మంచి మందు. ఆ తోసిపుచ్చేవారిలో తక్దీర్ అనే మాటను అడ్డం పెట్టుకొనే మనవాళ్లూ ఉన్నారు.

అయితే భూకంపాల సంగతేమిటి? మానవేతర దుష్టశక్తుల స్వేచ్ఛ వాటికి కారణం కావచ్చునని ప్లాంటింగా అంటాడు. సాధ్యమైతే చాలు, నిజమని రుజువు కానక్కరలేదు అన్నది ఆయన పద్ధతి. తర్కానికి అది చాలునేమో. మట్టిలో పిల్లలను వెదుక్కొనేవానికి చాలదు.

జాన్ హిక్ వేరే దారి పట్టాడు. 1966లో వెలువడిన ‘ఈవిల్ అండ్ ద గాడ్ ఆఫ్ లవ్’ గ్రంథంలో ఆయన అగస్టీన్‌ను విడిచి, అంతకంటే ప్రాచీనుడైన ఐరేనియస్‌ను ఆశ్రయించాడు. లోకం సుఖపడే ఇల్లు కాదు, ఆత్మలు పక్వమయ్యే స్థలం అన్నాడు. కోరుట్ల ప్రాంతంలో ఈ మాటకు సాక్ష్యాలు దొరుకుతాయి. భర్త గల్ఫ్‌లో ఉండగా బీడీలు చుట్టి, అప్పు తీర్చి, పిల్లలను చదివించిన స్త్రీల ఓర్పు కష్టంలో పుట్టిందే. కాని అదే వీధిలో మరో ఇంటికి మనిషికి బదులు పెట్టె వస్తుంది. 2018 సెప్టెంబరు 11న కొండగట్టు ఘాట్ రోడ్డులో, సామర్థ్యానికి మించి జనాన్ని ఎక్కించుకొన్న బస్సు లోయలో పడి అరవై మందికి పైగా మరణించారు. వారిలో పిల్లలూ ఉన్నారు. ఒడిలోని పసివాని ఆత్మ ఏ పాఠంతో పక్వమయింది? ఇక్కడ పూర్తికానిది మరణానంతరం పూర్తవుతుందని హిక్ అంటాడు. పరలోకం లేకుండా ఈ లెక్క సరిపడదని ఆయన గ్రహించడం సరైనదే. కాని చివరకు అందరూ రక్షింపబడతారని చేర్చడంతో, సిరిసిల్లలో నష్టపెట్టినవానికీ నష్టపోయినవానికీ మధ్య జరగవలసిన విచారణ పలుచబడిపోతుంది.

ఇంతవరకు ఇతరుల ఇంటిని విమర్శించాం. మన ఇంటి సంగతి కూడా చూడాలి. దాసులకు మేలైనదే చేయడం దేవుని విధి అని నమ్మిన ముఅ్‌తజిలా పండితుడు జుబ్బాయీని ఆయన శిష్యుడు అష్‌అరీ ముగ్గురు సోదరుల గురించి ప్రశ్నించాడని చెబుతారు. ఒకడు విశ్వాసి, ఒకడు అవిశ్వాసి, ఒకడు పసితనంలోనే చనిపోయాడు. నాకూ పెద్దయ్యే అవకాశం ఎందుకు ఇవ్వలేదని పసివాడు అడిగితే, పెరిగితే పాపివి అవుతావని తెలిసి ముందే తీసుకొన్నానని జవాబు. అప్పుడు అవిశ్వాసి లేచి, మరి నన్నెందుకు పసితనంలో తీసుకోలేదని అడుగుతాడు. జుబ్బాయీ మౌనం వహించాడట. ఈ కథ హిక్ వాదాన్ని కూడా అక్కడే గుచ్చుతుంది. దేవుని చర్యలు మన కొలతలకు లొంగవని అష్‌అరీ తేల్చాడు. అయితే ఆయన న్యాయవంతుడు అన్నప్పుడు మనం చెబుతున్నదేమిటన్న ముఅ్‌తజిలాల ఎదురుప్రశ్న తేలికైనది కాదు. ఆ దెబ్బ మనకూ తగులుతుంది.

సి. ఎస్. లూయిస్ 1940లో ‘ద ప్రాబ్లం ఆఫ్ పెయిన్’ రాశాడు. బాధ మనిషిని మేల్కొల్పుతుందన్నాడు. 1960లో భార్య చనిపోయింది. మరుసటి ఏడు మారుపేరుతో వేరొక పుస్తకం వెలువరించాడు. అందులో వాదన తక్కువ, ఏడుపు ఎక్కువ. నాకు ఆ రెండవ పుస్తకం మీదనే గౌరవం.

క్రైస్తవుల చేతిలోని బైబిలులోనే యోబు గ్రంథం ఉన్నది. అందులో యోబు మిత్రులు అతని కష్టానికి చక్కని కారణాలు చెబుతారు. చివరకు దేవుని కోపం ఆ కారణాలు చెప్పినవారి మీదికే వస్తుంది. తమ గ్రంథంలో ఇది చదివి కూడా తత్వవేత్తలు మిత్రుల పనినే చేపట్టడం వింతగా ఉన్నది. దివ్య ఖుర్‌ఆన్ 21వ అధ్యాయంలో అయ్యూబ్ (అలైహిస్సలాం) తనకు కీడు తగిలిందని, ప్రభువు కరుణించేవారందరిలో గొప్ప కరుణామయుడని విన్నవించుకొంటారు, కారణం అడగరు. ఆ తరువాత కుటుంబం, దానితో పాటు అంతమందీ ప్రసాదించబడతారు. బైబిలులో గొర్రెలు, ఒంటెలు రెట్టింపయ్యాయి గాని బిడ్డలు మాత్రం మునుపటిలాగే పదిమందే. ఇక మన వ్యాఖ్యాతలలో కొందరు చనిపోయిన బిడ్డలే తిరిగి బ్రతికింపబడ్డారన్నారు, కొందరు వారివంటి వేరే బిడ్డలు పుట్టారన్నారు. ఈ భేదాభిప్రాయం ఊరకనే పుట్టలేదు. పోయిన బిడ్డకు మరో బిడ్డ బదులు కాదని ఆ పండితులు ఎరుగుదురు; వారిలో కొందరైనా తమ బిడ్డలను మట్టిలో పెట్టి వచ్చినవారే అయి ఉంటారు.