మెర్జ్ కొట్టే ముందు

గిట్‌లో ఒక బ్రాంచ్‌ను ఇంకోదానిలో కలపాలంటే ‘గిట్ మెర్జ్’ అని కొట్టి బ్రాంచ్ పేరు ఇస్తే చాలు. చాలామంది అక్కడితో ఆగిపోతారు. కానీ రేపు ఆ ప్రాజెక్టు చరిత్ర తిరగేసేవాళ్లకు ఏం కనబడాలో తేల్చేది ఆ కమాండ్‌కు తగిలించే ఆప్షన్లే.

లైనస్ టోర్వాల్డ్స్ 2005 ఏప్రిల్‌లో గిట్ మొదలుపెట్టింది లైనక్స్ కెర్నల్ కోసం. అంతదాకా వాడుతున్న బిట్‌కీపర్‌ను ఉచితంగా ఇవ్వడం ఆపేయడంతో ఆ అవసరం వచ్చిపడింది. ఎక్కడెక్కడి వాళ్ల పనినో కలుపుకుంటేగానీ నడవని ప్రాజెక్టు కాబట్టి మెర్జ్ మీద అంత శ్రద్ధ. 2014లో అదే కెర్నల్‌లో ఒక మెర్జ్ కమిట్‌కు ఏకంగా 66 పేరెంట్లు తేలాయి. మనకు రెండు చాలు.

మన బ్రాంచ్ విడిపోయాక మెయిన్‌లో కొత్త కమిట్లేవీ పడకపోతే గిట్ మెయిన్‌ను ముందుకు జరిపి ఊరుకుంటుంది. అది ఫాస్ట్ ఫార్వర్డ్. శుభ్రంగానే ఉంటుంది గానీ, ఏ కమిట్లు ఏ ఫీచర్‌వో తర్వాత పోల్చుకోలేం. ‘నో-ఎఫ్ఎఫ్’ ఇస్తే విడిగా ఒక మెర్జ్ కమిట్ పడుతుంది. ఫీచర్ మొత్తం వెనక్కి తీయాలంటే ఆ ఒక్కదాన్ని రివర్ట్ చేస్తే సరి. ‘ఎఫ్ఎఫ్-ఓన్లీ’ ఇస్తే, ముందుకు జరపడం కుదరనప్పుడు గిట్ మెర్జే చేయనంటుంది.

‘ఫిక్స్’, ‘మళ్లీ ఫిక్స్’ లాంటి కమిట్లతో నిండిన బ్రాంచ్‌కు ‘స్క్వాష్’ మేలు. మార్పులన్నీ స్టేజ్ చేసి ఆగుతుంది, కమిట్ మనమే చేయాలి. ఆ కమిట్‌కు పాత బ్రాంచ్‌తో చుట్టరికం ఉండదు. అందుకే స్క్వాష్ అయ్యాక ఆ బ్రాంచ్‌ను తీసేయడమే మంచిది.

అసలు తికమక ‘అవర్స్’ దగ్గర. టైమౌట్ విలువను మెయిన్‌లో 30కి, బ్రాంచ్‌లో 60కి మార్చారనుకోండి. బ్రాంచ్‌లో ఒక కొత్త ఫైలు కూడా ఉంది. పెద్ద ఎక్స్‌తో ‘అవర్స్’ ఇస్తే గొడవపడ్డ ఆ ఒక్క లైనులో మన 30 నిలుస్తుంది, కొత్త ఫైలు మామూలుగా వచ్చేస్తుంది. చిన్న ఎస్‌తో అదే మాట ఇస్తే ఫైలూ రాదు, ఏదీ రాదు. చరిత్రలో మాత్రం మెర్జ్ అయినట్టే నమోదవుతుంది. ఫైలు ఏదని కంగారుపడి మళ్లీ మెర్జ్ కొడితే, అంతా ఎప్పుడో కలిసిపోయిందని గిట్ జవాబిస్తుంది. పాత బ్రాంచ్ మార్పులు అక్కర్లేదని తెలిసే వదిలేసేటప్పుడు ఇది పనికొస్తుంది. కాన్‌ఫ్లిక్ట్ త్వరగా వదిలించుకోవడానికి వాడితే కొంప మునుగుతుంది.

అనుమానంగా ఉంటే ‘నో-కమిట్’ ఇచ్చి, ఏం కలిసిందో డిఫ్‌లో చూసుకుని, నచ్చకపోతే ‘అబార్ట్’ కొట్టొచ్చు. ఫాస్ట్ ఫార్వర్డ్ అయ్యే చోట మాత్రం ‘నో-కమిట్’ ఒక్కటే ఇస్తే ఆగదు, ‘నో-ఎఫ్ఎఫ్’ కూడా జతచేయాలి.